ఆ క్షణాన ఏమనుకున్నారు?

ఫిలడెల్ఫియాలో ఒక సైకియాట్రిస్ట్ గది. 1950ల చివరి మాట. సోఫా మీద ఒక యువతి వెల్లకిలా పడుకుని మాట్లాడుతోంది. డాక్టరు ఆమె తల వెనుక, కంటికి కనపడనంత పక్కగా, కుర్చీలో కూర్చుని వింటున్నారు. ఫ్రాయిడ్ బాటలో నడిచేవాళ్ల వైద్యం అప్పట్లో అంతే. మనసుకు తోచింది తోచినట్టు రోగి చెప్పుకుపోవాలి, డాక్టరు అందులోంచి లోగుట్టు పట్టుకోవాలి. ఆమె తన శృంగార జీవితంలోని చిక్కులు చెబుతోంది. చెబుతున్నకొద్దీ కంగారు పెరుగుతోంది. డాక్టరుకు కారణం వెంటనే దొరికింది, చదువుకున్న పుస్తకాల్లో ఉన్నదే. ఇలాంటి కోరికలు బయటపెట్టాల్సి రావడం వల్ల సిగ్గు, ఆ సిగ్గులోంచి కంగారు. అదే ఆమెకు చెప్పారు. ఆమె కాదంది. తన మాటలకు డాక్టరుకి విసుగొస్తోందేమోనని ఇందాకటినుంచీ అనుకుంటోందట. కంగారు దానికి.

ఆ డాక్టరు ఆరన్ బెక్. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న, మనోవిశ్లేషణలో శిక్షణ పొందిన మనిషి. ఎదుటి మనిషి నెలల తరబడి దాచకుండా అన్నీ చెబుతోందనుకుంటే, అసలు మాట ఒకటి ఆమె నోటిదాకా రానేలేదు. కావాలని దాచలేదు. అది చెప్పదగ్గ విషయమని ఆమెకే తోచలేదు. మరో రోగి ఒకసారి బెక్ మీదే కోపంతో విరుచుకుపడుతూ, అదే క్షణంలో లోలోపల ‘ఇలా అనకూడదు, నేను చెడ్డవాణ్ణి’ అని తనను తాను తిట్టుకుంటున్నాడని బయటపడింది. పైకి ఒక మాట నడుస్తోంది, దాని కింద సన్నగా, వేగంగా ఇంకో మాట నడుస్తోంది. దిగులూ భయమూ సిగ్గూ పుట్టేది ఆ కిందిదాంట్లోంచి. ఆ రెండోదానికి బెక్ ‘ఆటోమేటిక్ థాట్స్’ అని పేరుపెట్టారు. పిలవకుండానే వచ్చేసే ఆలోచనలు.

ఇంగ్లిషులో ఈ సంగతి చెప్పడానికి కొత్త పేరు పుట్టించాల్సి వచ్చింది. తెలుగులో మాత్రం అది క్రియాపదంలోనే ఉంది. వండుకోవడం అంటే తన కోసం వండటం. చెప్పుకోవడం అంటే తన గోడు తాను చెప్పడం. అలాగే అనుకోవడం అంటే తనకు తాను అనడం. ‘వాడు రాడనుకున్నాను’ అని రోజుకు పదిసార్లు అనే తెలుగువాడు, ఆలోచన అంటే లోపల చెప్పుకునే మాటేనని తెలియకుండానే ఒప్పేసుకుంటున్నాడు. బెక్ ఆ యువతిని అడగాల్సి వచ్చిన ప్రశ్నకు తెలుగులో ఒక్క ముక్క చాలు: ఆ క్షణాన ఏమనుకున్నారు?

ఈ ప్రశ్న అడగడం ఒక వృత్తిగా మారడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

మూలం వెతికేవాళ్లు సాధారణంగా ఎపిక్టెటస్ దగ్గర ఆగుతారు. క్రీస్తు శకం ఒకటో శతాబ్దంలో ఇప్పటి టర్కీ ప్రాంతంలో, బానిసగా బతుకు మొదలుపెట్టిన మనిషి. ఒక కాలు కుంటి. రోమ్‌లో ఆయన యజమాని నీరో చక్రవర్తి కొలువులో పెద్ద ఉద్యోగి. స్వేచ్ఛ దొరికాక తత్వం బోధించారు. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను రోమ్ నుంచి వెళ్లగొడితే గ్రీసులోని నికోపొలిస్‌కు పోయి అక్కడ బడి పెట్టారు. స్వయంగా ఒక్క ముక్కా రాయలేదు. చెప్పినవన్నీ శిష్యుడు అరియన్ రాసిపెట్టాడు. మనుషులను కలవరపెట్టేవి జరిగిన సంగతులు కావు, వాటి గురించి వాళ్లు ఏర్పరచుకున్న అభిప్రాయాలేనన్నది ఆ బోధలో ఒక మాట. బానిసత్వం చూసిన మనిషి నోట వచ్చింది కాబట్టి దానికి బరువుంది. సుఖంగా కూర్చున్నవాడు కష్టంలో ఉన్నవాడికి ఇదే చెబితే చెంపదెబ్బలా ఉంటుంది. కౌన్సెలింగ్ చరిత్ర పొడవునా ఈ ఇబ్బంది వెన్నంటే ఉంది.

ఎపిక్టెటస్‌ను ఇరవయ్యో శతాబ్దపు వైద్యగదిలోకి లాక్కొచ్చినవారిలో మొదటి పేరు ఆల్బర్ట్ ఎల్లిస్. 1913లో పిట్స్‌బర్గ్‌లో పుట్టి, న్యూయార్క్ నగరంలోని బ్రాంక్స్‌లో పెరిగారు. చిన్నప్పుడు మూత్రపిండాల జబ్బుతో ఆసుపత్రుల్లోనే చాలాకాలం గడిపారు, తల్లిదండ్రులు వచ్చి చూసింది తక్కువ. పందొమ్మిదేళ్ల వయసుకు ఆడపిల్లలతో మాట్లాడాలంటే గొంతు పెగలని కుర్రాడు. దానికి ఆయన చేసుకున్న వైద్యం ఈ వృత్తి చరిత్రలో అందరికన్నా ఎక్కువసార్లు చెప్పుకున్న కథ. రోజూ బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కు వెళ్లాలి. బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న స్త్రీ ఎవరు కనిపించినా పోయి అదే బెంచీ మీద కూర్చోవాలి. నిమిషం తిరక్కుండా మాట కలపాలి. సాకులు చెల్లవు. అలా నెల రోజుల్లో 130 మంది పక్కన కూర్చున్నారు. 30 మంది అప్పటికప్పుడే లేచి వెళ్లిపోయారు. మిగిలిన 100 మందితో మాట్లాడారు, పూల గురించీ పక్షుల గురించీ పుస్తకాల గురించీ. వాళ్లలో ఒక్కరు మళ్లీ కలుస్తానన్నారు, కలవలేదు. లెక్క రాసిపెట్టుకున్నవాడు ఆయనొక్కడే కాబట్టి అంకెలను ఆయన మాట మీదే నమ్మాలి. ఫలితం సున్నా. భయం మాత్రం పోయింది. ఎవరూ పోలీసులను పిలవలేదని ముసలితనంలో కూడా నవ్వుతూ చెప్పేవారు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆలోచన మార్చుకుంటే భయం పోతుందని లోకానికి చాటిన మనిషి, తన భయాన్ని పోగొట్టుకుంది బెంచీ మీద కూర్చుని, ఆలోచించి కాదు.

1947లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, మనోవిశ్లేషణ నేర్చుకుని, కొన్నేళ్లు సోఫా వెనుక కూర్చుని, ఎల్లిస్‌కు విసుగెత్తింది. రోగులకు తమ బాల్యం గురించి అన్నీ తెలిసిపోయేవి గానీ బాధ అలాగే ఉండేది. 1955లో తన పద్ధతికి ‘రేషనల్ థెరపీ’ అని పేరుపెట్టుకున్నారు. తర్వాత ఆ పేరు రెండుసార్లు పెరిగి 1993 నాటికి ‘రేషనల్ ఎమోటివ్ బిహేవియర్ థెరపీ’ అయింది. ఆయన సూత్రాన్ని ఏ, బీ, సీ అని పిల్లల అక్షరాల్లో చెప్పారు. ఏ అంటే జరిగినది. సీ అంటే మనకు కలిగిన బాధ. జనం ఏ వల్లే సీ వచ్చిందంటారు. మధ్యలో బీ ఉంది, అంటే నమ్మకం. ఉద్యోగం పోయింది, కుంగిపోయాడు. మధ్యలో ‘ఉద్యోగం లేనివాడు మనిషే కాదు’ అన్న మాట ఒకటి ఎవరికీ వినపడకుండా దూరింది.

ఎల్లిస్ వేటాడింది ముఖ్యంగా ఒకే రకం నమ్మకాన్ని. కోరిక హుకుంగా మారడం. తెలుగులో ఈ తేడా క్రియ చివరన తేలుతుంది. ‘మా వాడికి సీటు వస్తే బాగుండు’ అనేది కోరిక. ‘మా వాడికి సీటు వచ్చి తీరాలి’ అనేది హుకుం. మొదటిది నెరవేరకపోతే బాధ కలుగుతుంది, రెండోది నెరవేరకపోతే మనిషి కూలిపోతాడు. బాగుండుకూ తీరాలికీ మధ్య ఉన్న దూరాన్ని ఎల్లిస్ దాదాపు యాభయ్యేళ్లపాటు, నానా బూతులూ కలిపి, న్యూయార్క్ జనానికి చెబుతూ వచ్చారు. మన్‌హాటన్‌లో 65వ వీధిలోని ఆయన సంస్థలో శుక్రవారం రాత్రి కొద్దిపాటి రుసుముతో బహిరంగ సభ నడిచేది. సభికుల్లోంచి ఒకరు వేదిక ఎక్కి తన సమస్య చెప్పుకోవాలి, అందరి ఎదుటా ఆయన వాదించాలి. అందరికీ తెలిసిన వరసల్లో పేరడీ పాటలు కట్టి, శ్రుతి లేని గొంతుతో తానే పాడేవారు. మనోవిశ్లేషకులకు ఇదంతా సర్కస్‌లా కనిపించింది. కొంతవరకు సర్కసే. 2007లో 93 ఏళ్ల వయసులో పోయారు. అంతకు రెండేళ్ల ముందు తాను పెట్టిన సంస్థే తనను పాలకమండలి నుంచి తప్పిస్తే, కోర్టుకెళ్లి తన చోటు తిరిగి తెచ్చుకున్నారు.

బెక్ ఇందుకు పూర్తిగా వేరు. మెత్తని గొంతు, బో టై, వాదన బదులు ప్రశ్న. 1921లో ప్రావిడెన్స్ నగరంలో, రష్యా సామ్రాజ్యం నుంచి వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడు చెయ్యి విరిగింది, ఎముకలో చీము పట్టి రక్తానికెక్కింది, ప్రాణం మీదికొచ్చింది. బడికి నెలల తరబడి దూరమై తరగతి తప్పారు. ‘నేను మొద్దును’ అన్న నమ్మకం అక్కడ పుట్టింది. అన్నల సాయంతో చదివి తోటివాళ్లను దాటి ముందుకెళ్లాక, ఆ నమ్మకం అబద్ధమని ఋజువైంది. నమ్మకాన్ని ఋజువుతో కొట్టొచ్చన్నది బెక్ సిద్ధాంతం కాకముందే ఆయనకు సొంత అనుభవం.

తమాషా ఏమిటంటే బెక్ ఫ్రాయిడ్‌ను కూలదోయాలని బయల్దేరలేదు, నిలబెట్టాలని బయల్దేరారు. దిగులు జబ్బు అంటే ఇతరుల మీది కోపం లోపలికి తిరగడమేనని ఫ్రాయిడ్ 1917లో రాశారు. అదే నిజమైతే డిప్రెషన్ రోగుల కలల్లో కోపం కనపడాలి. బెక్ కలలు పోగుచేశారు. కోపం కనపడలేదు. కలల నిండా ఓడిపోవడం, పోగొట్టుకోవడం, ఎవరో వద్దని పొమ్మనడం. రోగికి బాధపడటమే కావాలేమో, అందుకే అలాంటి కలలు తెచ్చుకుంటున్నాడేమో అని మొదట సర్దిచెప్పుకున్నారు. తర్వాత రోగులకు చిన్న చిన్న పనులిచ్చి, బాగా చేశారని తెలిసేలా చేశారు. బాధ కోరుకునేవాడైతే గెలుపు చేదవ్వాలి. వీళ్ల ముఖాలు విప్పారాయి, ఉత్సాహం పెరిగింది. అంటే కలలు కోరిక తీర్చడం లేదు. మెలకువలో తన గురించి ఏమనుకుంటున్నాడో అవే ఆలోచనలు నిద్రలోనూ నడుస్తున్నాయి. ‘థింకింగ్ అండ్ డిప్రెషన్’ అన్న రెండు వ్యాసాలు 1963, 1964లో వచ్చాయి. అంతకు ముందే 1961లో 21 అంశాలతో దిగులును కొలిచే ప్రశ్నపత్రం ఒకటి తయారుచేశారు. ఈనాటికీ ప్రపంచమంతా దాన్ని వాడుతూనే ఉంది.

అదే రోజుల్లో, దేశానికి రెండో కొసన బర్క్‌లీలో, రిచర్డ్ లాజరస్ అనే మనస్తత్వవేత్త జనాన్ని కూర్చోబెట్టి ఒళ్లు జలదరించే మూకీ చిత్రం చూపిస్తున్నారు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో యుక్తవయసు మగపిల్లలకు కత్తితో చేసే ఒక సంస్కారం అది. ఒక గుంపుకు ఆ బొమ్మతోపాటు నొప్పినీ ప్రమాదాన్నీ గుచ్చి చెప్పే వ్యాఖ్యానం వినిపించారు. ఇంకో గుంపుకు, ఇది వాళ్లకు పండగ, అంత నొప్పేమీ ఉండదని చెప్పారు. మరో గుంపుకు మానవశాస్త్ర పాఠంలా ముక్తసరిగా వివరించారు. చూసింది ఒకే సినిమా. అరచేతుల చెమట మాత్రం గుంపు గుంపుకూ మారిపోయింది. వైద్యగదిలో రోగి మాట మీద ఆధారపడిన సంగతికి ఇక్కడ శరీరమే సాక్ష్యం చెప్పింది.

బెక్ తన రోగులను సోఫా మీంచి లేపి ఎదురుగా కూర్చోబెట్టారు. ఆ తర్వాత చేతికి కాగితమూ పెన్సిలూ ఇచ్చారు. అసలు విప్లవం ఈ కాగితంలో ఉందనిపిస్తుంది. ముగ్గురు సహరచయితలతో 1979లో వెలువరించిన పుస్తకంలో ఆ కాగితానికి ఐదు గడులున్నాయి. జరిగినది ఏమిటి. కలిగిన భావం ఏమిటి, నూటికి ఎంత. ఆ క్షణాన ఏమనుకున్నారు, దాన్ని నూటికి ఎంత నమ్మారు. దానికి మీరు ఇప్పుడు చెప్పే సమాధానం. ఆఖరున మళ్లీ అంకెలు.

మన ఇళ్లలో జరిగే సంగతితో ఆ కాగితాన్ని నింపి చూడొచ్చు. విజయవాడలో ఒక తల్లి, డల్లాస్‌లో కొడుకు అనుకుందాం. రాత్రి ఎనిమిదికి ఆమె ఫోన్ చేసింది. ‘మళ్లీ చేస్తానమ్మా’ అని పెట్టేశాడు. మొదటి గడిలో అంతే రాయాలి, ఒక్క అక్షరం ఎక్కువ కూడదు. రెండో గడిలో దిగులు, 80. మూడో గడిలో ‘నా గొంతు వింటేనే వీడికి విసుగు’, నమ్మకం 90. ఇక్కడ చెయ్యి తిరిగిన కౌన్సెలర్ ‘అలా అనుకోకండమ్మా, మీ అబ్బాయి బంగారం’ అనదు. అది పక్కింటి పిన్నిగారు చెప్పే మాట. ‘విసుగు అని మీకెలా తెలిసిందమ్మా? ఇంకేమన్నా కారణం ఉండే వీలుందా?’ అని అడుగుతుంది. ఇక్కడ రాత్రి ఎనిమిదంటే అక్కడ పొద్దున, ఆఫీసుకు పరుగెత్తే వేళ. పోయిన ఆదివారం ముప్పావుగంట మాట్లాడాడు. కోడలికి కూడా ఫోనిచ్చాడు. ఇవన్నీ నాలుగో గడిలోకి వెళతాయి, ఆమె చేతిరాతలోనే. ఆఖరి గడిలో నమ్మకం 40కి, దిగులు 45కి దిగొచ్చు. సున్నాకు రాదు. కొడుకు దూరంగా ఉన్నాడన్నది నిజమే కదా.

దీన్ని ‘పాజిటివ్ థింకింగ్’తో కలిపేయడం తరచుగా జరిగే పొరపాటు. ఫ్రాన్సులో ఎమిల్ కూయే అనే ఆయన రోజురోజుకీ బాగుపడుతున్నానని పదేపదే జపించమని 1920లలో జనానికి నేర్పారు. 1952లో అమెరికా పాస్టరు నార్మన్ విన్సెంట్ పీల్ రాసిన పుస్తకం లక్షల్లో అమ్ముడుపోయింది. మన వ్యక్తిత్వ వికాస పుస్తకాల్లో చాలావాటికి అదే తాతగారు. అక్కడ చెడ్డ ఆలోచన తీసి మంచి ఆలోచన పెట్టమంటారు. బెక్ కాగితం అలా అనదు. అనుకున్నది నిజమో కాదో చూడమంటుంది. నిజమని తేలితే ఆ సమస్యకే ఏదో ఒకటి చేయాలి, ఆలోచన మార్చి లాభం లేదు.

1977లో మొదటి పెద్ద పరీక్ష ఫలితం వచ్చింది. డిప్రెషన్‌తో ఉన్న 41 మందిని రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి ఇమిప్రమిన్ మాత్ర, ఇంకో వర్గానికి కాగ్నిటివ్ థెరపీ, అంటే బెక్ వైద్యం, పన్నెండు వారాలు ఇచ్చారు. మాట మాత్రను గెలిచింది. మాత్రకు మాట సాటిరావడమే అప్పటికి వింత. కానీ 1989లో 250 మందితో అమెరికా ప్రభుత్వ సంస్థ చేయించిన పరీక్షలో గెలుపు అంత తేలిగ్గా రాలేదు, జబ్బు ముదిరినవాళ్ల విషయంలో మాత్రే మెరుగనిపించింది. 1996లో సియాటిల్‌లో నీల్ జాకబ్‌సన్ బృందం ఇంకా ఇబ్బందికరమైన పని చేసింది. వైద్యాన్ని ముక్కలుగా విడదీసి, ఒక గుంపుకు ఆలోచనల జోలికే పోకుండా, పొద్దున లేవడం, నడవడం, మనుషులను కలవడం లాంటి పనుల చిట్టా మాత్రం ఇచ్చారు. పూర్తి వైద్యం పొందినవాళ్లతో సమానంగా వాళ్లూ కోలుకున్నారు. బ్రాంక్స్ తోటలో బెంచీల మీద కూర్చున్న కుర్రాడు చెప్పకుండా చెప్పింది ఇదే. ఆలోచన భావాన్ని మలిచే మాట నిజమే, అయితే కాళ్లూ చేతులూ కదిలితే ఆలోచన దానంతట అదే మారే మాటా నిజమే. బెక్ వైద్యంలో మొదటినుంచీ పనులు ఉన్నాయి, అందుకే ఆ ఫలితంతో ఆయన కోట కూలిపోలేదు.

ఇంగ్లండ్‌లో ఆర్థికవేత్త రిచర్డ్ లేయార్డ్, మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్ కలిసి ప్రభుత్వాన్ని ఒప్పించి 2008 నుంచి ఈ వైద్యాన్ని ప్రజారోగ్య సేవలో ఉచితంగా అందేలా చేశారు. అయితే ఆ కాగితం అసలు పరీక్షను ఎదుర్కొన్నది రావల్పిండి పల్లెల్లో. అక్కడ చదువురాని తల్లులు ఎందరో. అతీఫ్ రెహమాన్ అనే సైకియాట్రిస్ట్ ‘థింకింగ్ హెల్దీ’ అన్న పేరుతో బెక్ పద్ధతిని బొమ్మల్లోకి మార్చారు. మన ఆశా కార్యకర్తల్లాంటి లేడీ హెల్త్ వర్కర్లకు నేర్పి, గర్భిణుల ఇళ్లకు పంపారు. వాళ్లు మానసిక వైద్యమని చెప్పలేదు, పుట్టబోయే బిడ్డ బాగు కోసమన్నారు. అత్తగారు కూడా అడ్డు చెప్పలేని మాట అది. ‘నా రాత ఇంతే, బిడ్డ బక్కచిక్కిపోతే నేనేం చేయగలను’ అన్నట్టుండే బొమ్మ ఒకటి, దాని పక్కనే ఇంకో రకంగా అనుకునే తల్లి బొమ్మ. 2008లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి. ప్రసవమైన ఆర్నెల్లకు, ఈ సాయం అందిన తల్లుల్లో 23 శాతం మందికి డిప్రెషన్ ఉంటే, అందనివాళ్లలో 53 శాతం మందికి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కరదీపికను 2015లో అందరికోసం విడుదల చేసింది. గోవాలో విక్రమ్ పటేల్ బృందం కూడా డాక్టర్లు కానివాళ్లకే శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ప్రయోగం చేసింది. వాళ్లు ఎంచుకున్నది జాకబ్‌సన్ తేల్చిన పనుల చిట్టా దారి.

బెక్ 2005లో స్వీడన్‌లో దలైలామాతో ఒకే వేదిక మీద కూర్చుని మాట్లాడారు. మనసు గురించి బౌద్ధులు చెప్పేదానికీ తన వైద్యానికీ పోలికలు చూసి ముచ్చటపడ్డారు. 2021 నవంబరు 1న, నూరేళ్లు నిండిన కొద్ది నెలలకు, ఫిలడెల్ఫియాలోనే కన్నుమూశారు.

ఆయన కాగితం తెలుగులోకి వచ్చేసరికి రెండో గడి దగ్గర తంటా వస్తుంది. ‘అనుకోవడం’తో ఎంత మేలు జరిగిందో, ‘అనిపించడం’తో అంత చిక్కు. అను అన్న క్రియకు ప్రేరణ రూపం అది, ఎవరో మనచేత అనిపించినట్టు. తెలుగులో దిగులూ అనిపిస్తుంది, అభిప్రాయమూ అనిపిస్తుంది. ‘బాధనిపించింది’ అంటే భావం. ‘నన్ను లెక్క చేయట్లేదనిపించింది’ అంటే ఆలోచన, అదీ భావం వేషంలో. విజయవాడ తల్లి రెండో గడిలో దిగులు అని రాయడానికి ముందు కచ్చితంగా ‘వాడికి నేను బరువనిపించింది’ అనే రాస్తుంది. కౌన్సెలర్ ఆ ముక్కను కొట్టేయదు, బాణం గుర్తు గీసి మూడో గడిలోకి పంపుతుంది. అప్పుడు రెండో గడి ఖాళీ. ‘అలా అనుకున్నప్పుడు మీకు ఎలా ఉందమ్మా?’ అని అడిగితే, ఆ తల్లి కాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని చూపిస్తుంది. ఇక్కడ పట్టేసినట్టుందమ్మా, అంటుంది. ఆ గడిలో అది రాయమంటుంది కౌన్సెలర్.